బీడ్ గారి వర్ధంతికి ఒక అంకె తక్కువ

పన్నెండు వందల యాభై ఏళ్ల కిందట ఇంగ్లండులో కాలధర్మం చెందిన పూజ్యులు బీడ్ గారి వర్ధంతిని ఈ నెల ఇరవై ఆరో తారీఖున ఫుజైరా కొండల్లోని మన రాళ్ల క్వారీలో ఘనంగా జరుపుకోబోతున్నామనీ, ఈ వార్తకి కార్మికులందరూ సంతోషించాలనీ 1985 మే రెండో తారీఖున మెస్ గోడకి నోటీసు అంటించారు. అంటించింది నేనే. కింద ఉత్సవ సంఘ కార్యదర్శి అని సంతకం పెట్టిందీ నేనే. క్యాంపులో సంతోషించవలసినవారు మొత్తం రెండు వందల పన్నెండు మంది. వారిలో ఇద్దరు ఆ రోజు జ్వరంతో పడుకున్నారు కనక రెండు వందల పదిమంది సంతోషించినట్టు పై ఆఫీసుకి రిపోర్టు పంపాను.

నా పేరు సూరిబాబు. మాది అమలాపురం దగ్గర. గల్ఫులో, దుబాయ్‌కి తూర్పున ఉన్న ఈ క్వారీలో టైమ్ కీపర్ని. ఎవడు ఎన్నింటికి పనిలోకి వచ్చాడు, ఎన్నింటికి దిగాడు, ఎవడికి ఎప్పుడు సెలవు అన్నీ నా రిజిస్టర్లో ఉంటాయి. మా పని కొండని పేల్చి, రాళ్లు చేసి, లారీల్లో రేవుకి పంపడం. అక్కడ వాటిని సముద్రంలో పోస్తారు. కొండ తరిగినట్టూ కనపడదు, సముద్రం నిండినట్టూ కనపడదు, కంపెనీ మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది.

మా మేనేజరు హార్ట్లీ దొర. మేనేజర్ని ఇక్కడ ముదీర్ అంటారు కనక మేమూ ముదీర్ అనే అంటాం. ఆ సంవత్సరం లండన్ ఆఫీసు నుంచి ప్రతి బ్రాంచికీ ఒక ఉత్తరం వచ్చింది. ప్రతి బ్రాంచీ ఒక సాంస్కృతిక కార్యక్రమం జరిపి తీరాలి, వార్షిక నివేదికకి ఫోటోలు పంపాలి. మరో బ్రాంచి వాళ్లు మొక్కలు నాటారట. మా కొండ మీద ముళ్లకంప కూడా బతకదు. అప్పుడు ముదీర్‌కి తన ఊరి మహానుభావుడు జ్ఞాపకం వచ్చాడు. ఆయన పుట్టింది బీడ్ గారి మఠం ఉన్న ఏటి ఒడ్డునేనట. పైగా మహానుభావుడికి నీళ్లు పొయ్యక్కర్లేదు.

శుక్రవారం పొద్దున్న అందర్నీ మెస్‌లో కూర్చోబెట్టి ముదీర్ ఆ మహనీయుడి చరిత్ర చెప్పారు. నేను తెలుగు చేశాను. బీడ్ గారిని ఏడేళ్లప్పుడు మఠంలో అప్పగించారు. యాభై అయిదేళ్లు అక్కడే ఉండి చదివారు, రాశారు, చెప్పారు. తమ జాతి చరిత్ర రాశారు. సముద్రపు ఆటుపోట్ల గురించి రాశారు. వేళ్ల మీద వేలకి వేలు ఎలా లెక్కపెట్టాలో రాశారు. ఆయన పుట్టకముందు వాళ్ల రాజుగారు ఒక లెక్క ప్రకారం ఈస్టరు పండగ చేసుకుంటుంటే, అదే కోటలో రాణిగారు ఇంకో లెక్క ప్రకారం ఉపవాసం ఉండేవారట. అలాంటి తికమకలన్నిటికీ ఈయన పుస్తకాలు లెక్క చూపించాయి. క్రీస్తు పుట్టిన దగ్గర్నుంచి ఏళ్లు లెక్కపెట్టే అలవాటు జనంలో పాతుకున్నది ఈయన చలవేనట. పోయే రోజున కూడా మంచం మీద నుంచే పుస్తకం చెప్పి రాయించారు. "ఇంకొక్క వాక్యం మిగిలిందండీ" అన్నాడు రాసేవాడు. చెప్పారు. "పూర్తయిందండీ" అన్నాడు. "బాగా అన్నావు" అని ప్రాణం వదిలారు. అంతకు ముందే తన పెట్టెలో దాచుకున్న మిరియాలు, రుమాళ్లు, సాంబ్రాణి తోటివాళ్లకి పంచిపెట్టేశారు.

జనం చాలా శ్రద్ధగా విన్నారు. ఏసీ ఉన్నది మెస్‌లోనే మరి. చివర ఆశన్న లేచాడు. ఆశన్నది ఆర్మూరు వైపు. డ్రిల్లింగు మేస్త్రీ, క్యాంపులో అందరికంటే పెద్దవాడు.

"యాభై అయిదేండ్లల్ల ఒక్క ఛుట్టీ గూడ ఇయ్యలేదా సార్? గాయన కఫీల్ ఎవలు?"

వీసా ఇప్పించి, మన పాస్‌పోర్టు తన బీరువాలో భద్రపరిచే పుణ్యాత్ముణ్ణి ఇక్కడ కఫీల్ అంటారు. నేను దీన్ని మర్యాదగా మార్చి, స్వామివారిని పోషించినవారెవరని అడుగుతున్నారండీ అన్నాను. ముదీర్ కళ్లు చెమర్చాయి. "దేవుడు" అన్నారు.

"అట్లయితె పాస్‌పోర్ట్ గూడ గాయన్తాన్నే ఉంటది. ఇగ యాడికి పోతడు పాపం" అని ఆశన్న కూర్చున్నాడు.

కార్మికులు లోతైన ఆధ్యాత్మిక ప్రశ్నలు వేశారని రిపోర్టులో రాశాను.

అప్పటికే ఏడుగురితో ఉత్సవ సంఘం ఏర్పడింది. ముదీర్ అధ్యక్షులు, నేను కార్యదర్శిని. స్టోర్ కీపరు దేవదానం క్రైస్తవుడు కనక బీడ్ గారి విషయంలో నిపుణుడుగా ఉపాధ్యక్షుడయ్యాడు. ఆయనది నర్సాపురం వైపు. "బాబూ, మాది చిన్న చర్చి అండి. మాకు ఇలాంటి సెయింట్లెవరూ ఉండరండి. మా పాస్టరు గారు ఈయన పేరు ఎప్పుడూ ఎత్తలేదండి" అని మొత్తుకున్నాడు. ఇంత వినయం నిపుణులకే ఉంటుందని ముదీర్ ఆయన భుజం తట్టారు. మిగతా నలుగురు ఇంజనీర్లు. వాళ్లు టీకి వచ్చేవారు.

క్యాంపు గేటు పక్కన ఒక స్మారక శిల నిలబెట్టాలనీ, దాని మీద బీడ్ గారి పేరూ, మరణించిన తారీఖూ ఇంగ్లీషులో చెక్కించాలనీ మొదటి సమావేశంలోనే ఏకగ్రీవంగా తీర్మానించాం. క్వారీలో రాయికి కొదవ లేదు. చెక్కేవాడికే కొదవ. రాయిని బద్దలు కొట్టేవాళ్లు రెండు వందల మంది ఉన్నారు గాని, దాని మీద అక్షరం నిలపగలవాడు ఒక్కడే. రాజలింగం.

రాజలింగానిది జగిత్యాల దగ్గర పల్లె. తాతల నాటి నుంచి రోళ్లు, విసుర్రాళ్లు కొట్టి, గుడిమెట్ల మీద చందాదార్ల పేర్లు చెక్కే ఇల్లు. మనిషి మాట్లాడ్డం తక్కువ. అతను దుబాయ్ వచ్చేనాటికి భార్య లక్ష్మవ్వకి ఏడో నెల. ఫుజైరాలో ఉన్నా ఊళ్లో చెప్పేటప్పుడు దుబాయే అనాలి. పిల్ల క్షేమంగా భూమ్మీద పడితే తానే చంకనెత్తుకుపోయి వేములవాడ రాజన్న దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తానని విమానం ఎక్కేముందు మొక్కుకున్నాడు. ఆడపిల్ల పుట్టింది. తండ్రి మొక్కు కనక తండ్రి వచ్చేదాకా ఆ జుట్టుకి కత్తెర తగలనివ్వలేదు లక్ష్మవ్వ. పిల్ల రెండో ఏడు నిండబోతోంది, జుట్టు భుజాల మీద పడుతోంది. ఊరి పంతులు పంచాంగం చూసి జూన్ మూడో తారీఖు పెట్టాడు. ఏరువాక పున్నమి, అందులోనూ సోమవారం, రాజన్నకి ఇష్టమైన రోజు. అది దాటితే రెండున్నర నెలల దాకా మంచిరోజు లేదని ఉత్తరంలో రెండుసార్లు రాయించింది. ఆ ఉత్తరం అతనికి చదివిపెట్టింది నేనే కనక ఇదంతా నాకు తెలుసు.

మా కంపెనీలో రెండేళ్లు నిండితే అరవై రోజుల సెలవు. రాజలింగం పనిలో చేరింది 1983 మే ఇరవై ఏడున. 1985 మే ఇరవై ఏడున సెలవు మొదలు. బొంబాయి మీదుగా ఊరు చేరడానికి మూడు నాలుగు రోజులు వేసుకున్నా పున్నమికి ముందే దిగుతాడు. రోజుకో గీత చొప్పున తన గది గడప రాయి మీద ఉలితో లెక్క పెట్టుకుంటున్నాడు. మే ఇరవై ఆరుకి ఎన్ని గీతలవుతాయిరా అని ఒకసారి అడిగాను. ఏడు వందల ముప్ఫై ఒకటి అన్నాడు. తప్పు, ఏడు వందల ముప్ఫై అని నేను మందలించాను. తర్వాత రిజిస్టర్ తీసి చూస్తే ముప్ఫై ఒకటే. మధ్యలో లీపు సంవత్సరం వచ్చింది. ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిని నేను మరిచిపోయాను, అతను మరిచిపోలేదు. ఆ రోజు కూడా రాళ్లు కొట్టాడు కదా.

శిల పనిలో ఉన్న సిబ్బందికి శిల సంపూర్ణమైన తర్వాతే సెలవు అని ముదీర్ ఉత్తర్వు ఇచ్చారు. రాజలింగం లెక్క వేసుకున్నాడు. "తొమ్మిది దినాల పని సార్. ఇరవై ఆరుకు ముందుగాల్నే ఖలాస్ జేస్త" అన్నాడు. నేను సుద్దతో అక్షరాలు గీసిపెట్టేవాణ్ణి, అతను ఉలితో దింపేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గాని ఒక్క గీత వంకర పోలేదు. షిఫ్టు దిగి వచ్చి, షెడ్డులో కూర్చుని, పొద్దు గూకేదాకా చెక్కేవాడు. చెక్కేటప్పుడు ముసిముసిగా నవ్వుకునేవాడు. బీడ్ గారి మీద భక్తి అని రిపోర్టులో రాశాను.

మే ఇరవై రెండుకి పేరు పూర్తయింది, నెల పూర్తయింది, సంవత్సరం పూర్తయింది. తారీఖులో రెండు అంకె చెక్కాడు. పక్కన ఆరు చెక్కబోతుంటే ముదీర్ పరుగున వచ్చి ఆపు ఆపు అన్నారు. చేతిలో ఇంకో పుస్తకం. అందులో బీడ్ గారి పండగ మే ఇరవై అయిదు అని ఉంది. పాత పుస్తకంలో మరణం ఇరవై ఆరు అని ఉంది. ప్రపంచానికి తారీఖులు నేర్పిన మనిషికి తప్పు తారీఖు వేస్తే లండన్‌లో మన పరువేం కాను?

వెంటనే సంఘం సమావేశమయింది. తలుపులు వేసుకుని, రంజాన్ నెల కనక కిటికీలకి పరదాలు కూడా వేసుకుని, టీ తాగుతూ మూడు గంటలు చర్చించాం. రెండు తారీఖులూ చెక్కిద్దామన్నాడు ఒక ఇంజనీరు. మహానుభావుడైనా ఒక్కసారే చనిపోతాడని ముదీర్ తోసిపుచ్చారు. తారీఖు తీసేసి నెల ఉంచుదామన్నాడు ఇంకో ఇంజనీరు. రెండు అంకె చెక్కేశాం కనక వీల్లేదన్నాను నేను. నిపుణుడి అభిప్రాయం అడిగితే దేవదానం ప్రార్థన చేద్దామన్నాడు. చేశాం. తేలలేదు.

బయట నిలబడ్డ రాజలింగం తలుపు సందులోంచి నన్ను పిలిచాడు. "సార్, ఇప్పటికి అయిదు చెక్కుత. ఎన్కశీరి ఆరే అని తేల్తె, కింద గా సందు మూసేస్తె ఆరైతది. ఆశన్నకు సూపిచ్చిపోత. ఆరు చెక్కితె మల్ల అయిదు కాదు గని, అయిదును ఆరు చెయ్యొచ్చు." ఇది సభ ముందు పెట్టాను. శాశ్వత శిల మీద తాత్కాలిక అంకెలు అనుమతించరాదని తీర్మానమయింది. సంఘం లిఖితపూర్వకంగా చెప్పేదాకా శిలకి ఉలి తాకించరాదని కూడా తీర్మానించి, ఉలిని స్టోర్లో జమ చేయించాం.

ఇక్కడ ఇంకో చిన్న సంగతి జరిగింది. మినిట్స్‌లో లేదు కాబట్టి జరగలేదనే అనుకోవచ్చు, కాని మీకు చెబుతాను. మా వంటవాడు బుడేన్ సాహెబ్, నంద్యాల మనిషి. తను ఉపవాసం ఉండి మాకు టీ పోస్తున్నాడు. పోస్తూ నన్నడిగాడు.

"సాబ్, ఆ సామి ఏ టయానికి పోయినాడు?"

సాయంకాలం, పొద్దు గూకాక, ప్రార్థన అయ్యాక అని ముదీర్ పుస్తకంలో ఉంది. అదే చెప్పాను.

"అట్లయితే కొట్లాటేముంది సాబ్? మాకు పొద్దు గుంకితే మర్సటి దినం వచ్చేసినట్లే. రంజాను చూడండి, సాయంత్రం చంద్రుడు కనపడినప్పట్నుంచే కదా నెల లెక్క. మీ లెక్కలో ఇరవై అయిదు, మా లెక్కలో ఇరవై ఆరు. సాయంత్రం మాత్రం ఒకటే. ఆ కాలంలో ఆ సాములు గూడా మా మాదిరే లెక్క పెట్టుకునింటారు. ఆరే వెయ్యండి."

ఏమంటున్నాడని ముదీర్ నన్నడిగారు. చక్కెర సరిపోయిందా అంటున్నాడండీ అన్నాను. వంటవాడి మాటని అధ్యక్షుల ముందు తర్జుమా చేయడం సభా మర్యాద కాదు. సరిపోయింది, థాంక్యూ అన్నారు ముదీర్. బుడేన్ సాహెబ్ కప్పులు తీసుకుని వెళ్లిపోయాడు.

చివరికి ముదీర్ వాళ్ల ఊరి ప్రొఫెసరుగారికి ఉత్తరం రాసి, జవాబు వచ్చాక అంకె చెక్కించాలని తేలింది. టెలెక్స్ ఇవ్వొచ్చు. కాని టెలెక్స్ ఉన్నది రాళ్ల టన్నుల లెక్కలు పంపడం కోసం. పన్నెండు వందల యాభై ఏళ్లు ఆగిన తారీఖు పోస్టు వచ్చేదాకా ఆగలేదా అన్నారు ముదీర్. సభ నవ్వింది. నేనూ నవ్వాను.

వర్ధంతి మాత్రం ఆగలేదు. ఇరవై ఆరు సాయంత్రం, ఉపవాసాలు విడిచాక, గేటు దగ్గర షామియానా వేశాం. ఖాళీగా ఉన్న అంకె మీద కాగితం పువ్వు అతికించాం. బీడ్ గారి చివరి దానానికి గుర్తుగా మనిషికో మిరియాల పొట్లం పంచాం. మెస్‌లో మిరియాలన్నీ పొట్లాలకి పోయాయి కనక వారం రోజులు చారు చప్పగా ఉంది. ముదీర్ తెప్పించిన బీడ్ గారి పటానికి ఆశన్నవాళ్లు దండవేసి, ఊదొత్తులు వెలిగించి, క్యాంపులో ఎవరైనా పోయినప్పుడు చేసినట్టే కాసేపు తలపాగాలు తీసి నిలబడ్డారు. ఇంటి మొగం చూడకుండా పోయినవాడని ఒకళ్లిద్దరు నిజంగానే కళ్లు తుడుచుకున్నారు. ముదీర్ అది చూసి చలించిపోయారు. ఆయన ఉపన్యాసానికి నా తెలుగు ఇది:

"సోదరులారా! ఈ మహనీయుడు ఏడేళ్లకే పనిలో చేరాడు. యాభై అయిదేళ్లు సెలవు అడగలేదు. ఇంటికి పోతానని ఒక్కనాడూ అనలేదు. చనిపోయే రోజున కూడా పని పూర్తి చేసి మరీ చనిపోయాడు. ఒక్క వాక్యం మిగిలింది అంటే, రేపు చూద్దాం అన్నాడా? అనలేదు. ఇదీ సంస్కృతి అంటే. మీరంతా ఆయన వారసులు!"

చప్పట్లు కొట్టారు. రాజలింగం కూడా కొట్టాడు. ఫోటోగ్రాఫరు అతన్ని శిల పక్కన నిలబెట్టి రెండు ఫోటోలు తీశాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి రాజలింగం ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, సూట్‌కేసుతో నా బల్ల ముందు నిలబడ్డాడు. సూట్‌కేసులో బీడ్ గారి మిరియాల పొట్లం, లక్ష్మవ్వకి చీర, పిల్లకి గౌను. గౌను కొలత తెలియక రెండు సైజులు కొన్నాడు.

"నా ఛుట్టీ కాయిదం సార్."

శిల సంపూర్ణం కాలేదు కదా అన్నాను. కాయితం నా బల్ల మీదే ఉంది. పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో ఉంది. కాయితం మీద శిల సంపూర్ణమైనదని కార్యదర్శి సంతకం పెడితే బీరువా తెరుస్తారు. కార్యదర్శిని నేనే. కాని ఒక అంకె లేని శిలని సంపూర్ణమని ఎలా రాస్తాను? పన్నెండేళ్ల సర్వీసులో నా చేత ఒక్క తప్పుడు ఎంట్రీ పడలేదు.

"మరి పోస్ట్ ఎన్నడొస్తది సార్?"

వస్తుంది అన్నాను. రోజూ వచ్చి అదే అడిగాడు. రోజూ అదే చెప్పాను. నిలకడ గల మనుషులం ఇద్దరం.

జూన్ మూడో తారీఖు సోమవారం వచ్చింది. ఆ రోజు కూడా రాజలింగం టైముకే పనిలోకి దిగాడు. మధ్యాహ్నం షెడ్డు వెనక ఒక్కడే కూర్చుని ఏడ్చాడు. పెద్దగా ఏడ్చాడు. మా అందరికీ వినపడింది. ఆశన్న పక్కన కూచుని వీపు నిమురుతూ ఉండిపోయాడు. కంట్లో రాతి దుమ్ము పడినందువల్ల ఇరవై నిమిషాలు పని ఆగినదని రిజిస్టర్లో రాసి, ఆ ఇరవై నిమిషాలూ కోత పడకుండా చూశాను. కార్యదర్శిగా నా అధికార పరిధిలో చేయగలిగింది చేశాను.

జూన్ పన్నెండున ప్రొఫెసరుగారి జవాబు వచ్చింది. ముదీర్ సంఘాన్ని పిలిచి, నిలబడి, గొంతు సవరించుకుని చదివారు. బీడ్ గారు ఇరవై అయిదు సాయంకాలం, సూర్యాస్తమయం తర్వాత పోయారు. ఆ కాలపు లెక్కలో అస్తమయంతో మర్నాటి రోజు మొదలవుతుంది. కనక ఇరవై అయిదన్నా ఇరవై ఆరన్నా సాయంత్రం ఒకటే. శిల మీద ఆరు వెయ్యడం ఉచితం.

"ఆహా, ఏం పాండిత్యం!" అన్నారు ముదీర్. చప్పట్లు కొట్టాం. ఆ ఉత్తరాన్ని అద్దంలో బిగించి ఆఫీసులో తగిలించాలని తీర్మానించాం. బుడేన్ సాహెబ్ టీ పోస్తున్నాడు. నా కప్పులో పోస్తూ నా మొహం వంక చూశాడు. "చక్కెర సరిపోయిందా సాబ్?" అన్నాడు. ఈసారి నిజంగానే అదే అన్నాడు.

ఉలి స్టోర్లోంచి బయటికి తీయించాం. రాజలింగం ఆరు చెక్కాడు. టైమ్ కీపర్ని కనక చూశాను, పదకొండు నిమిషాలు పట్టింది. వెంటనే సంతకం పెట్టాను. దొరికిన మొదటి విమానంలో, జూన్ పదిహేనున పంపించాం. ఎయిర్‌పోర్టుకి కంపెనీ కారు కూడా ఇచ్చారు, ఇది అందరికీ ఇవ్వరు.

అతను ఊరు చేరేసరికి అమావాస్య. మర్నాటి నుంచి ఆషాఢం. శుభకార్యాలు లేవు. ఆషాఢం పోతే ఆ ఏడు అధిక శ్రావణం, అసలే లేవు. పంతులు పంచాంగం తెరిచి, చూసి, మూసేశాడట. మంచిరోజులు మళ్లీ నిజ శ్రావణంలోనే, మొదటి సోమవారం ఆగస్టు పంతొమ్మిది. రాజలింగం తిరిగి పనిలో ఉండవలసింది ఆగస్టు పధ్నాలుగు. మొక్కు, తిరుగు ప్రయాణం కలిపి తొమ్మిది రోజులు ఎక్కువ కావాలని టెలిగ్రాం ఇచ్చాడు. ఈసారి అంకె తొమ్మిదే, అందులో సందేహం ఏమీ లేదు. అయినా రూల్సులో లేదని జవాబు ఇవ్వవలసి వచ్చింది. చంద్రుడికీ సూర్యుడికీ లెక్క కుదరకపోతే మన పెద్దలు ఒక నెల ఎక్కువ వేసి సర్దుకున్నారు, వాళ్ల పెద్దలు ఫిబ్రవరికి ఒక రోజు ఎక్కువ వేసి సర్దుకున్నారు. కంపెనీ అలాంటి చాదస్తాలు పెట్టుకోదు.

పధ్నాలుగో తారీఖున టైముకే వచ్చాడు. పిల్ల ఎలా ఉందిరా అని అడిగాను. మొదట్లో దగ్గరికి రాలేదట. తల్లి వెనకాల దాక్కుని, వచ్చినవాళ్లందరికీ 'దుబాయ్ వచ్చింది' అని చెప్పిందట. తండ్రి పేరు దుబాయ్ అనే అనుకుంది. పదిహేను రోజులకి ఒళ్లో కూర్చుంది. జుట్టు తీయించే భాగ్యం లేదు గనక అప్పట్నుంచి ఉన్నన్నాళ్లూ రోజూ పొద్దున్నే తనే నూనె రాసి దువ్వాడట. "మస్తు జుట్టు సార్, నల్లగ, వంకీలు వంకీలు" అని చేతుల్తో చూపించాడు. చూపించిన చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

సెప్టెంబరులో వార్షిక నివేదిక అచ్చయి వచ్చింది. నున్నటి కాయితం. పదహారో పేజీలో మా శిల, పక్కన రాజలింగం. ఫుజైరా క్వారీ సిబ్బంది తమ సెలవులను సైతం స్వచ్ఛందంగా వాయిదా వేసుకుని మహనీయునికి నివాళులర్పించారు అని కింద ఉంది. కార్యక్రమాల్లో మాకు ద్వితీయ స్థానం వచ్చింది. మొక్కలు నాటినవాళ్లకి ప్రథమం. నాకో సర్టిఫికెట్ ఇచ్చారు.

అదే వారంలో రాజలింగానికీ ఒక ఫోటో వచ్చింది. వేములవాడ గుడి ముందు తీసింది. మేనమామ ఒళ్లో గుండు చేయించుకున్న పిల్ల, గుండుకి పసుపు, ఒంటి మీద తండ్రి కొన్న గౌను. రెంటిలో పెద్ద సైజుది. పక్కన లక్ష్మవ్వ. ఉత్తరంలో శ్రావణ సోమవారం తీసినం అని మాత్రం ఉంది. ఫోటో నా బల్ల మీద పెట్టాడు.

"సార్, దీని ఎన్క తారీఖు రాయున్రి. పెద్దగైనంక పోరి సదువుకుంటది. ఇంగ్లీషుది రాయున్రి, అరబ్బుది రాయున్రి, మన తిథి గూడ రాయున్రి."

క్యాలెండరు చూశాను, వేళ్ల మీద లెక్క వేశాను, మూడు తారీఖులూ రాసి ఇచ్చాను. ఒక నిమిషం పట్టింది. రాజలింగం ఫోటో తిప్పి ఆ మూడు వరసలూ చాలాసేపు చూశాడు. చదవలేడు, చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"గింత జల్ది జేసిన్రు సార్. మరి గప్పుడు ఎందుకు గాలేదు?"

కోపంగా అడిగి ఉంటే సస్పెన్షన్‌కి రాసేవాణ్ణి. కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు.

"అది మహానుభావుడి తారీఖురా. పది మందీ కూర్చోవాలి, ఆలోచించాలి, పై వాళ్లని అడగాలి. ఇది నీ కూతురిది, మామూలు తారీఖు. ఇలాంటివి ఎవరైనా చెప్పేస్తారు" అన్నాను.

రాజలింగం తలూపి ఫోటోని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లాడు. అర్థమైనట్టు లేదు. పాపం, చదువు లేదు. మీకు అర్థమయ్యే ఉంటుంది, మీరు చదువుకున్నవారు.